వెలగని చుక్క

దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాన్నది చీరల కొట్టు. కొట్టు దీపాల కింద ఏ రంగైనా మెరుస్తుంది కాబట్టి తెలివైనవాళ్లు చీరను గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూస్తారు. ఆ బుద్ధి నాకు దండిగా ఉందనే ఎల్బీనగర్‌లోని మా ల్యాబుకు అతినీలలోహిత మైక్రోస్కోపు ఎంచే పని నాకు అప్పగించారు.

ఆ కాంతి పడితే ప్రోటీన్ స్ఫటికం వెలుగుతుంది. ఉప్పు స్ఫటికం నల్లగా ఉండిపోతుంది. మామూలు మైక్రోస్కోపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. మా మేడం ఎనిమిది నెలలు కష్టపడితే ఒకే ఒక్క చుక్కలో మూడు స్ఫటికాలు వచ్చాయి. అవి ప్రోటీనో ఉప్పో ఎవరికీ తెలియదు.

కంపెనీ ఇంజనీరు మిషను తెచ్చి, తన నమూనా పెట్టి చూపించాడు. ధగధగలాడింది.

"మీ సరుకు మీ దీపం కింద మెరవక చస్తుందా? మాది పెట్టండి," అన్నాను.

మేడం ఆ చుక్క ఉన్న ప్లేటు పెట్టారు. తెర మీద చీకటి.

"ఉప్పేనా ఏంది?" అన్నారు.

ఇంజనీరు ప్లేటును వేలితో తట్టాడు. "ఈ ప్లేట్లు ఎవరు కొన్నారండీ? మామూలు ప్లాస్టిక్కు. ఈ కాంతిని మింగేస్తుంది. దీన్లోంచి ఏ మిషనూ చూడలేదండీ."

కొన్నది నేనే. ఈ పనికని చేసిన ప్లేట్లు వద్దని, వీటిని బేరమాడి, పైన చేతి తొడుగులు ఊరికే లాక్కొచ్చి వారమంతా గొప్పలు పోయాను.

ఇక ఒకటే దారి. ప్లేటును మూసిన పై టేపు విప్పి, ఒక స్ఫటికాన్ని తీసి ఈ కాంతిని మింగని క్వార్ట్జ్ గాజు మీద పెట్టాలి. విప్పితే చుక్క ఆరిపోతుంది. ఆరితే మూడూ పగులుతాయి.

"నువ్వే తియ్యరాదు, బేరగాడివి గదా!" అన్నారు మేడం.

అంతలోనే ఆ మాట వెనక్కి తీసుకుని, సూది తనే పట్టుకున్నారు. "జర ఊపిరి ఆపు. గాలి తగుల్తది."

ఆపాను. మొదటిది సూది తగలగానే రెండు ముక్కలైంది. రెండోది గాజు మీదికి చేరింది. కాంతి వేశారు. చీకట్లో ఒక తెల్లని గింజ మెల్లగా వెలిగింది.

"ఉండండి, ఇంకా బాగా చూపిస్తా," అన్నాడు ఇంజనీరు.

"ఆర్పండి!" అని అరిచాను. ఎక్కువసేపు పడితే ఆ కాంతే స్ఫటికాన్ని పాడుచేస్తుంది.

అప్పటికే మేడం మూడోదాని మీద కొత్త టేపు అతికిస్తున్నారు. చుక్క అంచు ఎండి ముడతపడింది.

"బతుకుతదా మేడం?"

"రేపు చూస్తే ఎర్కైతది. ప్లేటు ముట్టకు."