మంచాన కరిగిన కాళ్లు

మా అత్తమ్మ ఎండాకాలం వస్తే బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవిలోకి పోయేది. పొద్దెక్కే సరికి నెత్తి మీద పెద్ద మూటతో తిరిగొచ్చేది. బూర్గంపాడు దగ్గర మా వాడలో ఆమె నడకను అందుకున్న ఆడమనిషి లేదు. కానీ ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ మింగి ఊపిరితిత్తులు చెడిపోయాయి. మొన్నటి చలికాలం ఆయాసం ఎక్కువై భద్రాచలం దవాఖానాలో పది రోజులు ఉంది.

ఇంటికొచ్చిన మర్నాడు మంచం దిగబోయి మోకాళ్లు వణికి గోడకు కొట్టుకుంది. పరుగున వెళ్లి పట్టుకున్నాను.

"ఇగ నువ్వు లేవకు అత్తమ్మా. పడితే బొక్క ఇరుగుతది," అన్నాను.

మంచం పక్కనే కుర్చీ మరుగుదొడ్డి పెట్టాం. అన్నీ నేనే మంచం దగ్గరికి అందించాను. మా ఆయన ఆటో నడుపుతాడు. ఖమ్మం కిరాయికి వెళ్లిన రోజు మందుల దుకాణంలో అడిగి ప్రొటీన్ పౌడర్ డబ్బా తెచ్చాడు. దాని మీద తెల్లజుట్టు ముసలాయన మెట్లెక్కుతూ నవ్వుతున్నాడు.

"ఇది తాగితే నెల రోజుల్ల లేచి తిరుగుతదంట," అన్నాడు.

పూటకో గ్లాసు పాలలో కలిపి మూడు పూటలా తాగించాను. కొన్నాళ్లకు ఆమె అన్నం పక్కకు నెట్టడం మొదలుపెట్టింది. "కడుపు నిండింది బిడ్డా" అనేది. బలమంతా పౌడర్‌లోనే ఉందని నేను బలవంతపెట్టలేదు.

నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల జబ్బలు టేపుతో కొలిచి, సన్నబడ్డ బిడ్డ తల్లికి ఏం పెట్టాలో చెప్పడం నా పని. మూడో డబ్బా నడుస్తుండగా ఒకరోజు స్నానం చేయిస్తూ అత్తమ్మ జబ్బ చూశాను. చర్మం సంచిలా వేలాడుతోంది. పిల్లల టేపు పెద్దవాళ్లకు పనికిరాదని తెలిసినా తెచ్చి చుట్టాను. మా సెంటర్‌లో ఐదేళ్ల పిల్లకు వచ్చే కొలతే వచ్చింది.

మళ్లీ దవాఖానాకు తీసుకెళ్లాం. అక్కడ ఆహారం గురించి చెప్పే మేడం డబ్బా చేతిలోకి తీసుకుని నన్నడిగింది.

"రోజుకు ఎన్నిసార్లు లేచి నిలబడుతుంది?"

"లేవనియ్యం మేడం. పడుతదని."

"అన్నం?"

"ఇది తాగుతది గద."

ఆమె కోప్పడలేదు. "పౌడర్ మంచిదేనమ్మా. కానీ ఇది తిండికి తోడు, తిండికి బదులు కాదు. కాళ్లకు పని లేకపోతే ఎంత తాగించినా కండ నిలవదు," అంది.

ఆటోలో తిరిగొస్తుంటే అత్తమ్మ నా పక్కనే కూర్చుంది. ఆమెకు మొహం చూపలేక గోదావరి వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ రోజు నుంచి గుడ్డు, పప్పు మెత్తగా చేసి, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టాను. పౌడర్ ఒక్క గ్లాసుకు తగ్గించాను. కిటికీ ఊచ పట్టించి లేపి నిలబెడితే మొదటి రోజు మూడు అంకెలు లెక్కపెట్టే లోపే కూలబడింది.

"ముందే లేపకపోతివి బిడ్డా," అంది ఆయాసపడుతూ. నిష్ఠూరం లేదు ఆ మాటలో. అదే ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

నెలన్నరకు గోడ పట్టుకుని వాకిట్లోకి రాగలిగింది. కానీ మొదటి వానలకు మళ్లీ జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. దవాఖానాకు తీసుకెళ్లేటప్పుడు మా ఆయన సాయం అవసరం కాలేదు. నేనొక్కదాన్నే ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాను. నాలుగో రోజు ఆమె పోయింది. దగ్గును తట్టుకునే శక్తి ఒంట్లో మిగల్లేదని డాక్టరు చెప్పాడు.

మొదటి నుంచీ లేపి నడిపించి ఉంటే బతికేదా అని డాక్టరును అడగలేదు. నాకు తెలిసింది ఒకటే. జ్వరం రాకముందు ఓ ఇరవై రోజులు ఆమె స్నానానికి తనే నడిచి వెళ్లింది. నన్ను బయటే ఆపి, తలుపు దగ్గరికేసుకుని, ఎవరి చేయీ పడకుండా తన ఒళ్లు తను కడుక్కుంది.