ఆటో వెనక నా చదువు

మా నాన్న ఆటో వెనక ఎర్ర అక్షరాలతో నా పేరు, దాని పక్కనే ఎమ్మెస్సీ అని రాసి ఉండేది. పిల్లల పేర్లు రాయించుకోని ఆటో విజయనగరంలో వెతికినా దొరకదు. కానీ పేరు పక్కన చదువు కూడా పెట్టించింది మా స్టాండులో ఆయనొక్కడే. నా ఫలితాలు వచ్చిన రోజే బండిని పెయింటర్ దగ్గరికి తోలుకెళ్ళాడు. కెమిస్ట్రీ అని కూడా వెయ్యమంటే చోటు చాలదన్నాడట పెయింటరు. ఆ చోటు చాలనందుకు నాన్న చాలా రోజులు బాధపడ్డాడు.

ఆ చదువే నాకు ఉద్యోగం రాకుండా అడ్డుపడుతుందని మా ఇంట్లో ఎవరమూ అనుకోలేదు.

రణస్థలం వైపు మందుల కంపెనీలన్నీ తిరిగాను. కొత్తవాళ్ళను తీసుకోవడం లేదన్నారు. ఉన్నవాళ్ళనే తగ్గిస్తున్నారని గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మెల్లగా చెప్పాడు. సరే, చిన్న ఉద్యోగాలకే వెళ్దామనుకున్నాను. గరివిడిలో ఒక ఫ్యాక్టరీ ల్యాబులో శాంపిళ్ళు పరీక్షించే పనుందంటే వెళ్ళాను. బీఎస్సీ చాలు, మీకు క్వాలిఫికేషన్ ఎక్కువైపోయిందన్నారు. రక్తపరీక్షల సెంటర్లోనూ అదే మాట. ఖాళీగా ఉండడమెందుకని మధ్యలో బీఈడీ కూడా చేశాను, అది ఇంకో నేరమైంది. ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు నా సర్టిఫికెట్లు చూసి ముచ్చటపడి, టీ తెప్పించి, చివరికి "డీఎస్సీ పడితే మీరు ఆగరమ్మా" అన్నాడు. ఆగుతానన్నాను. నవ్వాడు. నేను వెళ్ళిపోతానని ఊరందరికీ తెలుసు, ఎక్కడికో మాత్రం నాకొక్కదానికే తెలియదు. ఆ టీ తాగినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

ఇంకా ఎన్నాళ్ళో తిరిగేంత తీరిక మాకు లేదు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయ్యాక నాన్నకి బేరాలు పడిపోయాయి. మోకాళ్ళు అరిగిపోయాయని, ఆటో తగ్గించమని డాక్టరు ముందునుంచే చెబుతున్నాడు. బండి దిగితే కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడితే గాని అడుగు పడదు. నేను జీతం తెస్తే ఆయన పొద్దుటి ట్రిప్పులతో సరిపెట్టుకుని ఇంటిపట్టున ఉండొచ్చు. ఎమ్మెస్సీతో నాకిక వేరే ఆశలేం మిగల్లేదు, ఇదొక్కటే కావాలి.

గంటస్తంభం దగ్గరి బట్టల షోరూంలో సేల్స్ గర్ల్స్ కావాలని బోర్డు పెట్టారు. మేనేజరు రాజమండ్రి వైపు మనిషి, మాట మెత్తన. ఎంతవరకు చదివావని అడిగితే ఇంటర్ అన్నాను. అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసినందుకు నాకే ఆశ్చర్యమేసింది. ఆయన ముఖం వికసించింది.

"ఇంటర్ చాలమ్మా. డిగ్రీలవాళ్ళు నిలబడరు. పోయిన నెలే ఒకమ్మాయిని పంపేశాను. డిగ్రీ చదివి ఇంటర్ అని చెప్పింది. అబద్ధం చెప్పిన మనిషిని లక్షల సరుకు దగ్గర ఎలా నిలబెడతాను చెప్పు?"

అలాగేనండి అన్నట్టు తలూపాను. ఇంటర్ మార్కుల మెమో ఒక్కటే బయటికి తీసి, మిగతా ఫైలు బ్యాగు అడుక్కి తోశాను.

ఆ సాయంత్రం నాన్న భోంచేస్తుంటే చెప్పాను.

"ఇంటరని సెప్పీసినావా?" అన్నాడు.

"సెప్పీసాను."

"మరి ఆ ఎమ్మెస్సీ ఏటవుతాది?"

"ఎక్కడికీ పోదు నాన్నా. ఇంట్లోనే ఉంటాది. నువ్వు మాత్రం ఆటో షాపు కాడికి తేకు. మందుల షాపు సందులో ఆపు."

"నా బండి నీకు నామోషీ అయిపోనాదేటి?"

"బండి కాదు నాన్నా. దానెనకున్న రాత."

ఆయన అన్నం సగంలో వదిలి కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. అమ్మ నావైపు కొరకొరా చూసింది. నేనేదో హత్య చేసినట్టు ఇద్దరూ అలా ముఖాలు పెట్టడం చూసి నాకు కోపమొచ్చింది. ఎవరికోసం చేస్తున్నానని అరవాలనిపించి, పళ్ళు బిగపట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను.

చెప్పినట్టే నాన్న రోజూ సందులో దించేవాడు. నాకూ బస్సు ఫ్రీయే గానీ, కూతుర్ని దించే హక్కు మాత్రం వదులుకోనన్నాడు. కొన్నాళ్ళకి ఇంకో మార్పు గమనించాను. ఇంటి దగ్గర బండిని వీధికి వెనకభాగం కనబడేలా ఆపే మనిషి, ఇప్పుడు వెనకను గోడకు ఆనించి ఆపుతున్నాడు. ఉదయం నేను ఎక్కేసరికి బండి వీధి వైపే చూస్తూ ఉండేది. సందులో దిగాక నేను వెనక్కి చూడకుండా షాపుకి పరిగెత్తేదాన్ని. అలా దాచుకుంటున్నాడంటే నామీద కోపమేననుకున్నాను. అడగడానికి ధైర్యం చాల్లేదు.

షాపులో నాకు పెట్టిన పని ఖాదీ, నూలు బట్టల కౌంటరు. చీరలు మడతపెట్టడం నేర్చుకున్నాను. నవ్వడం నేర్చుకున్నాను. కష్టమంతా నోటితోనే. ఒకరోజు ఒక పెద్దాయన పొందూరు పంచె పట్టుకొచ్చి, ఇనప్పెట్టెలో పెడితే మరక పడిందమ్మా, ఇది వదలదా అని అడిగాడు.

"తుప్పు మరకండీ. ఆగ్జాలిక్ యాసిడ్..." అని నాలుక కరుచుకున్నాను.

మేనేజరు పక్క కౌంటరు దగ్గరే ఉన్నాడు. "ఏంటమ్మా అన్నావు?"

"నిమ్మకాయ, ఉప్పు రాసి ఎండలో పెట్టమంటన్నానండి. మా అమ్మమ్మ సెప్పేది." కంగారులో ఇంటి యాస వచ్చేసింది. అదే నన్ను కాపాడిందనుకుంటాను.

ఆయన సరేనన్నాడు గానీ, ఆ తర్వాత నావైపు చూసే చూపు మారింది. నేను బిల్లు చూసినా, కస్టమరుతో మాట్లాడినా ఆ చూపు వీపుకి తగులుతూనే ఉండేది. ఇంగ్లీషు లేబుళ్ళు చదవాల్సి వస్తే కావాలని తడబడేదాన్ని. చదువుకోడానికి పడ్డ కష్టం కన్నా చదువుకోనట్టు ఉండడానికి పడ్డ కష్టమే ఎక్కువ. సాయంత్రానికి దవడలు నొప్పెట్టేవి.

ఒకరోజు తుఫాను వాన పట్టుకుంది. షాపు మూసే వేళకి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. మందుల షాపు సందు కనబడటం లేదు. మెట్ల మీద మేనేజరు, ఆయన వెనక మేమందరం నిలబడి ఉండగా, నీళ్ళు చిమ్ముకుంటూ మా నాన్న ఆటో సరాసరి మెట్ల ముందుకొచ్చి ఆగింది.

బండి ముందుభాగం మావైపు ఉంది. అది తిరిగితే గాని వెళ్ళదు. తిరిగితే నా బతుకు ఎర్ర అక్షరాల్లో మేనేజరు కళ్ళముందుంటుంది.

పరిగెత్తి నాన్న చెవి దగ్గర అన్నాను. "రివర్సులో పోనీ నాన్నా. సెంటరు దాకా రివర్సులోనే పోనీ."

"ఈ నీళ్ళల్లో రివర్సేటే? ఎక్కు బేగి."

"ఆయన సూస్తాడు నాన్నా."

"సూడనీ. ఎక్కు."

నాన్న మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. చూడనీ అంటాడేమిటి? కావాలనే వచ్చాడా, ఆ రాత అందరికీ చూపించుకోకపోతే నిద్ర పట్టదా అనుకున్నాను. ఆటో గిరుక్కున తిరిగింది. తడిసిన పరదా పక్కకి తీసి వెనక్కి చూశాను. షాపు లైట్ల వెలుగు బండి వెనకపక్కే పడుతోంది. మేనేజరు ఒక మెట్టు కిందికి దిగి, కళ్ళజోడు సర్దుకుని, చదువుతున్నాడు.

దారంతా నాన్నతో మాట్లాడలేదు. ఇంటి ముందు దిగి, ఆయన బండిని గోడవైపు తిప్పబోతుంటే, ఆగమని అరిచి వెనక్కి వెళ్ళాను. నా పేరు అలాగే ఉంది. దాని పక్కన కొత్తగా పసుపు రంగు పూసి, పైన ఎర్రగా, శ్రద్ధగా రాసి ఉంది: ఇంటర్, ఫస్ట్ క్లాస్.

ఆ అక్షరాలను వేలితో తడిమి చూశాను.

"నువ్వు సెప్పిన వారమే ఏయించీసినాను," అన్నాడు నాన్న, కడ్డీ పట్టుకుని నిలబడి. "ఉత్తినే తుడిచీమన్నా సరిపోయీది. పేరు పక్కన కాళీగా ఉంటే నాకే బాగుండలేదు."

మర్నాడు షట్టరు ఎత్తగానే మేనేజరు పిలిచాడు. గదిలో మేమిద్దరమే. నేను మానెయ్యమన్న మాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"నిన్న మీ ఆటో చూశాను. డాక్టరని రాయించుకున్నవాళ్ళని చూశాను, ఇంజనీరని రాయించుకున్నవాళ్ళని చూశాను. ఇంటర్ అని రాయించుకున్న మనిషిని మాత్రం నిన్నే చూశాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పసుపు కింద పాత రంగేదో తేలుతోంది. అక్కడ ఇదివరకు ఏముండేది?"

బట్టల వ్యాపారికి రంగు కింద రంగు కనబడుతుందని మా నాన్నకేం తెలుసు! "పాత బండి సార్. పాత రాతలేవో ఉంటాయి."

"మీ నాన్నగారికి ఇంటరంటే అంత గొప్పా?"

"మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే సార్."

ఆ ఒక్కటీ నిజం. అందుకే తడబడకుండా అన్నాను. ఆయన టేబుల్ మీదున్న పట్టుచీరల బీరువా తాళాలు నావైపు జరిపాడు.

"ఇవాళ్టి నుంచి పట్టుచీరల దగ్గర నిలబడు. ఇంటర్‌నే ఇంత అపురూపంగా చూసుకునే ఇంటిపిల్ల ఎక్కడికీ పోదు."

తాళాలు తీసుకున్నాను. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ పడ్డాను. జీతం పెరుగుతుంది, నాన్న మధ్యాహ్నాలు ఇంట్లో ఉంటాడు, నేను రోజూ అదే అబద్ధం మీద నిలబడి అరువు నవ్వు నవ్వుతాను.

సాయంత్రం నాన్న మళ్ళీ సందులోనే ఆపాడు. పట్టుచీరల కౌంటరు ఇచ్చారని చెప్పాను. తాళాలు చూపించాను. ఆయన వాటిని చేతిలో పెట్టుకుని తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ముఖంలో ఏదో బెంగ కనబడింది.

"ఆయన ఆటో సూసినాడు గదా. ఏటన్నాడు?"

"బాగుందన్నాడు నాన్నా."

బండి స్టార్ట్ చెయ్యబోయి ఆగాడు. నావైపు తిరగకుండానే, ముందు అద్దంలోంచి అడిగాడు.

"ఫస్టు క్లాసని ఏయించీసినాను మరి. అది ఎక్కువైపోనేదు గదా? ఎక్కువైతే సెప్పమ్మా, అదీ తుడిపించీస్తాను."

ఉండనీ నాన్నా అనడానికి నాకు చాలాసేపు పట్టింది.