పదో వంతు గీత

సార్ మీద నాకింకా మండుతూనే ఉంది. వేలూరులో నా పీహెచ్‌డీ గైడు ఆయన. ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పొన్నై వైపు మనిషి కాబట్టి నన్ను తెలుగులోనే మెచ్చుకునేవారు, తెలుగులోనే తిట్టేవారు.

మేం పనిచేసింది సూపర్‌సిమెట్రీ మీద. తెలిసిన ప్రతి కణానికీ ఇంకా దొరకని జత కణం ఒకటి ఉందనే సిద్ధాంతం అది. ఆ జతలు మరీ బరువుగా లేకపోతే హిగ్స్ కణం ఇంత తేలిగ్గా ఉండటం సహజమే. అవి బరువెక్కే కొద్దీ పెద్ద పెద్ద అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా మనమే సర్దాలి. సర్దాక ఆ అంకెల్లో కనీసం పదో వంతు మిగలాలి, అంతకు తగ్గితే సహజం కాదని మొదటి ఏడాదే గీత గీశారు సార్. గీసింది ఆయనే, నేను కాదు!

యూరప్‌లో కణాలను ఢీకొట్టి చూసే కొలైడర్ వాళ్లు ఆ జతల కోసం వెతికి ప్రచురించిన ఫలితాలతో మా మోడల్‌ను సరిచూడటం నా పని. మూడేళ్లు తల బద్దలు కొట్టుకున్నాను. గీత లోపల జత కణాలు దాగి ఉండగల చోటు ఒక్కటీ మిగల్లేదు. జత కణం ఉంటే అక్కడ కనిపించి తీరాలి, కనిపించలేదు. అదే ఫలితం. నాకైతే గర్వంగా అనిపించింది.

సార్ మొహం మాడిపోయింది.

"ఏమ్మా, లేదు లేదని చెప్పేదానికా ఇన్నేండ్లు? గీతను వందో వంతుకు జరుపు, చోటు దొరుకుతాది. సహజంగానే ఉండాదని రాయి."

"చూసినాక జరిపేదెట్ల సార్?"

"అట్లయితే నా సంతకం కోసరం రావద్దు."

గుడియాత్తం బస్సులో సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇంటికెళ్లి అమ్మ మీద అరిచాను, పాపం ఆవిడేం చేసింది? అమ్మ ఆంబూరు షూ కంపెనీలో చెకింగ్ చేస్తుంది. ముందే ఒప్పుకున్న శాంపిల్ జోడు ఆమె బల్ల మీద ఉంటుంది. వచ్చిన ప్రతి జోడునూ దానితో పోల్చి పాసో ఫెయిలో వేస్తుంది. నేను చెప్పిందంతా విని ఆమెకూ కోపం వచ్చింది.

"సరుకు బాగలేదని శాంపిల్ మారుస్తారా ఎవురైనా? సూపర్వైజరు అరిచినా నేను మార్చలేదే. నువ్వూ మార్చొద్దు, పో!"

వారం రోజులు మార్చలేదు. థీసిస్ ఇవ్వాల్సిన ఆఖరి రోజు పొద్దున పదో వంతు కొట్టేసి వందో వంతు అని పెట్టాను. గ్రాఫులో బోలెడు చోటు తెరుచుకుంది. సార్ నవ్వుతూ సంతకం చేశారు. ఛీ, నా బతుకు!

సాయంత్రం అమ్మ షిఫ్టు దిగి వచ్చీరాగానే అడిగింది.

"మార్చినావా?"

"లేదమ్మా."

నా తల నిమిరి, పక్కింటావిడకు చెప్పడానికి గబగబా వాకిట్లోకి వెళ్లింది.

"మా పిల్ల ఒప్పుకోలేదంట అక్కా, అచ్చం నా మాదిరే!"