తూటాలకు బొట్టు పెట్టిన దుర్గయ్య

మాదన్నపేట దుర్గయ్య పోలీసు ఆయుధాల గదికి కాపలాదారు. పద్దెనిమిదేళ్ల కొలువులో ఒక్కసారీ ట్రిగ్గర్ నొక్కిన పాపాన పోలేదు. కానీ కాల్చేసిన తూటా ఖాళీ గొట్టం చేతికిస్తే చాలు, దాని జాతకం చెప్పేవాడు. అడుగునున్న రాగి టోపీని తుపాకి పిన్ను నడిమధ్య కొట్టిందో, పక్కకు జారిందో, గొట్టం ఎంత ఉబ్బిందో వేలితో తడిమి తేల్చేవాడు. ఎవరూ అడగకపోయినా సరే.

పందొమ్మిది వందల యాభై ఆరు దసరాకు ఆయుధపూజలో ఆయన భక్తి కట్టలు తెంచుకుంది. తుపాకులకు బొట్టు పెట్టి ఊరుకోక, ఇన్‌స్పెక్టర్ సోమశేఖర్ గురి పరీక్షకని విడిగా ఉంచిన పది తూటాలకూ నువ్వులనూనె పూసి కుంకుమ అద్దాడు. దుర్గయ్య భార్య కృష్ణమ్మకు జ్వరమొస్తే తన జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి సోమశేఖర్ మరి, ఆ మాత్రం చేయొద్దూ!

పరీక్షలో సోమశేఖర్ కాల్చినవి పదికి పదీ బోర్డు తప్పాయి. "తుపాకి ఖరాబయిందా? దీన్ని చూసేటోడెవడు?" అని పరీక్ష చూడవచ్చిన పోలీసు పెద్దసారు గర్జించాడు. దుర్గయ్య ఖాళీ గొట్టాలు ఏరి చూశాడు. జిడ్డు, ఎర్రటి మసి.

"తుపాకి మంచిగనే ఉంది సార్. తూటాలకు నేనే నూనె పెట్టిన. పొడి గొట్టమైతే పేలంగనే ఉబ్బి లోపలి గోడను గట్టిగ పట్టుకుంటది. గుండు పోయినంక మళ్ల కుంచుకోని వదుల్తది. నూనె ఉంటే పట్టు దొరకక ఎనుకకు తంతది. గురి తప్పుతది."

పెద్దసారు మీసం కింద నవ్వు నొక్కుకున్నాడు. "తుపాకి తుడిచి, పొడి తూటాలు పెట్టు. ఈసారి తగిలితే తప్పు నీ నూనెదే. నీ కొలువు పోయినట్టే."

దుర్గయ్య తుపాకిని మూడుసార్లు తుడిచిచ్చాడు. తగలాలని మొక్కాలో, తగలొద్దని మొక్కాలో తెలియక రెండూ మొక్కాడు.

సోమశేఖర్ మళ్లీ పది పేల్చాడు. బోర్డు కొత్త పెళ్లికూతురిలా మచ్చ లేకుండా నిలబడింది. గొట్టాలు పొడిగా, టోపీల గుంటలు నడిమధ్యన, అంతా సలక్షణంగా ఉంది. నోరు మూసుకుంటే దుర్గయ్య కొలువు నిలిచినట్టే. అయితే సోమశేఖర్ తల వంచుకుని నిలబడి, కళ్లు తుడుచుకుంటూ కనిపించాడు. ఆ దృశ్యం దుర్గయ్య చూడలేకపోయాడు.

"సార్, తుపాకి లోపల నూనె సరిగ తుడవలే. ఇది గుడ నా తప్పే."

పెద్దసారు పొడి గొట్టమొకటి ఏరి చూసి జేబులో వేసుకున్నాడు. "కొలువు ఉంచుతున్న. ఏడు రోజులు తుపాకి భుజాన వేసుకోని మైదానం చుట్టు ఉరుకు."

మర్నాడు పొద్దున రెండో చుట్టులో దుర్గయ్యకు వెనక ఎవరో రొప్పడం వినిపించింది. తుపాకి భుజాన వేసుకుని సోమశేఖర్ వస్తున్నాడు.

"మీకేంది సార్ ఈ తిప్పలు?"

"సప్పుడు చేయక ఉరుకు, దుర్గయ్యా. నాకు శిక్ష నేనే ఏసుకున్న."