బిందెల మీద హిప్‌హాప్

పోయిన నెల నిజామాబాద్‌లో మా అమ్మాయి బడి వార్షికోత్సవానికి వెళ్తే, వేదిక మీద పాట మొదలయ్యే ముందు ఒక యంత్రం బుసబుసా పొగ వదిలింది. ఆ పొగకు మాడిన చక్కెర లాంటి తీపి వాసన ఉంది. చుట్టుపక్కల తల్లిదండ్రులంతా కొంగులూ రుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకుని దగ్గుతుంటే నేను మాత్రం గుండెల నిండా పీల్చుకుని ముప్పై ఏళ్ల కిందటి బోధన్‌కు పోయాను.

అప్పట్లో చలికాలం వచ్చిందంటే ఊరికి ఊరే ఆ వాసన కొట్టేది. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడడం మొదలయ్యేసరికి రోడ్డు పొడుగునా బండ్లు బారులు తీరేవి. ఎడ్ల మెడల్లో గంటలు, మరాఠీలో కసురుకునే బండివాళ్లు, వాళ్లు చూడకుండా వెనక నుంచి గడ లాక్కుని పరుగెత్తే మేము, తొక్క చీరుకుని సాయంత్రం దాకా మండే పెదవులు, క్రిస్మస్‌కు పదిహేను రోజుల ముందు నుంచే మా వాడలో గరిజెలు కాలే నూనె వాసన, ఏ యేడు ఏ నెలలో వస్తుందో మాకు అంతుపట్టని రంజాన్, ఆ రోజు పక్కింటి ఖాలా గిన్నె నిండా పంపే షీర్ ఖుర్మా, ఇవే మా కాలెండరు.

అలాంటి వాడకు హిప్‌హాప్ వచ్చిందంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, వచ్చింది. దుబాయ్‌లో మేస్త్రీ పని చేసే మా పెద్దబాపు సెలవు మీద వస్తూ ఒక టేప్ రికార్డరూ, తనతో ఒకే గదిలో ఉండే ఆఫ్రికా మనిషి ఇచ్చిన క్యాసెట్టూ తెచ్చాడు. ఆయన కొడుకు దానియేలన్న తండ్రి ప్యాంటును సుతిలి తాడుతో నడుముకు బిగించుకుని, చర్చి వెనక ఎండిన చెరుకాకు పరిచి, దాని మీద గోనెసంచులు వేసి, నెత్తి కింద పెట్టి బొంగరంలా తిరిగేవాడు. చుట్టూ నలుగురు మగపిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. నేనొక్కదాన్నే ఆడపిల్లను. నాకు ఒళ్లు తిరగదు గానీ చేతిరాత గుండ్రంగా ఉంటుందని నోటుబుక్కు నాకిచ్చారు. నీరసించిన బ్యాటరీ సెల్లులను ఎండకు పెట్టి, అవి కాస్త ప్రాణం పోసుకున్నాక క్యాసెట్టును ఆపుతూ వెనక్కి తిప్పుతూ, అర్థం తెలియని ఆ ఇంగ్లీషునంతా చెవికి తగిలింది తగిలినట్టు తెలుగు అక్షరాల్లో రాసి పెట్టేదాన్ని.

ఆ యేడు క్రిస్మస్ కార్యక్రమంలో, పశువుల పాక నాటకం అయిపోగానే, మా ముఠా ఆ క్యాసెట్టు పాటను పొల్లుపోకుండా అప్పజెప్పింది. పెద్దలు మురిసిపోయి తాళం వేశారు. హైదరాబాదు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఇంగ్లీషు టీచరమ్మ ఒక్కామె మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది, మొహం కందగడ్డయింది. మేము ఏసుప్రభువు పుట్టినరోజున, చర్చి ముంగిట్లో, దేశదేశాల బూతులన్నీ రాగయుక్తంగా తిడుతున్నామని ఆమెకొక్కదానికే తెలుసు. కార్యక్రమం అయ్యాక నోటుబుక్కు తీసుకుని తిరగేసి, నన్నూ దానియేలన్ననూ పక్కకు పిలిచింది. కొడుతుందనుకున్నాం.

"తిట్లు గూడ మందియేనారా? తిట్టెతందుకు మీ వాడల ఏం దొరకలేదా?" అంది, అంతే.

దొరకకేం, బోలెడు దొరికింది. మా వాడ నల్లా ఒక్కటే, నలభై ఇళ్లకు. వాల్వు తిప్పే ఆయన పై వీధికి ధార పోసి, మాకు వచ్చేసరికి చుక్కలు రాల్చేవాడు. అమ్మలు బిందెలు వరుసలో పెట్టి ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు గానీ ఆయన్ని అనేవాళ్లు కాదు. ఒక పొద్దున ఆయన వాల్వు దగ్గరికి వచ్చే వేళకు దానియేలన్న ఖాళీ బిందె బోర్లించి దరువు మొదలుపెట్టాడు. నేను రాసింది నేనే చదివాను, మొదటిసారి నా నోటితో. పై వీధిలో బర్రెలు కడుగుతున్నారని, కింది వీధిలో మొహాలు కడగలేదని, బర్రెగా పుడితే బాగుండునని. మా అమ్మ పరుగున వచ్చింది, జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతుందేమో అనుకుంటే, నా పక్కన నిలబడి తన బిందె బోర్లించింది. ఆ తర్వాత ఎన్ని బిందెలు మోగాయో నాకు లెక్క లేదు.

"అమ్మా, ఆపున్రి, ఇడుస్తున్న!" అని ఆయన దండం పెట్టాడు.

మర్నాటి నుంచి మాకూ ధార వచ్చింది. హిప్‌హాప్ అంటే ఇదన్నమాట అనుకున్నాను. ఎక్కడో సముద్రాల అవతల పేదవాడల్లో పుట్టింది మా నల్లా దాకా వచ్చి పని చేసి పెట్టింది మరి.

ఇప్పుడు చూస్తే కడుపు మండుతుంది. ఏ ఫోన్ తెరిచినా తెలుగు ర్యాపే, ఊరూరా ర్యాపర్లే, మన యాసకు ఇంత గిరాకీ వచ్చిందని సంబరపడబోతే, నాయకుడి పుట్టినరోజుకు ర్యాప్, ప్లాట్ల అమ్మకానికి ర్యాప్, బిర్యానీ హోటలు తెరిస్తే ర్యాప్. సైకిలు కూడా లేని పిల్లగాడు కార్ల గురించి, ఈగను చంపనివాడు తుపాకుల గురించి పాడతాడు. పైగా ఇదే అసలైన హిప్‌హాప్ అని నాకు పాఠం చెప్తాడు.

మా అమ్మాయి కెజియాకు పద్నాలుగేళ్లు, చేతిరాత నాది వచ్చింది. వార్షికోత్సవానికి తానే రాసుకుంది. బడిలో ఆడపిల్లల బాత్రూం తలుపుకు ఏడాదిగా గడియ లేదని, ఎన్నిసార్లు చెప్పినా పెట్టలేదని, అందుకే పిల్లలంతా పొద్దుటి నుంచి ఇంటికొచ్చేదాకా నీళ్లు తాగకుండా ఉంటారని. నాకు చదివి వినిపిస్తే మా అమ్మ గుర్తొచ్చి కళ్లు తడిశాయి. ఆ పాట వద్దని కొట్టేసింది ఎవరో కాదు, దానియేలన్నే. ఇప్పుడు ఆయన ఇదే నిజామాబాద్‌లో హిప్‌హాప్ క్లాసులు నడుపుతాడు, బడుల కార్యక్రమాలన్నీ ఆయనవే. గడియ బదులు కలలు, గెలుపు, సింహం అని ఏవో ముద్రించిన కాగితం చేతికిచ్చాడట. వెళ్లి నిలదీశాను.

"అన్నా, నల్లకాడ బిందె కొట్టింది నువ్వే గదా?"

"కొట్టిన చెల్లె. గప్పుడు నాకు పోయేదేం లేకుండె. ఇప్పుడు గా బడోళ్లు పిలువకుంటె నా క్లాసు మూతవడతది." మోకాలు నొప్పికి పట్టీ సరిచేసుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు.

చెప్పులేసుకుని వచ్చేశాను. బిడ్డకైనా, "నువ్వు రాసిందే చదువు" అని చెప్పి ఉండొచ్చు. పదో తరగతి ముందుంది, బడివాళ్లతో గొడవెందుకని నేనూ నోరు మూసుకున్నాను.

వార్షికోత్సవం సాయంత్రం ఆ పొగలోంచి వచ్చి కెజియా ఆయనిచ్చిన కాగితంలోదే ఒక్క తప్పు లేకుండా పాడింది. ముఖ్య అతిథి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, మొదటి బహుమతి ఇచ్చాడు, ఫోటోలు తీశారు. ఇంటి తాళం తీయగానే అది బహుమతి కప్పును గడపలోనే వదిలేసి బాత్రూంలోకి పరుగెత్తింది. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదట. ఆ హాల్లో చప్పట్లు కొట్టినవాళ్లకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు, నేనూ కొట్టాను.