కళ్ళు ఆఖరున

కొండపల్లిలో బొమ్మలు చెక్కిన చేతులే ఇంగ్లండులోని నార్తాంప్టన్ వర్క్‌షాపులోనూ గోవిందరాజులుకి అన్నం పెడుతున్నాయి. రోజూ ఉలిని చెంపకు ఆనించి, చలి చూసుకుని పని మొదలుపెడతాడు. కళ్ళు మాత్రం ఆఖరున. అవి దిద్దాకే బొమ్మకు ప్రాణమని వాళ్ళింటి నమ్మకం. ఈసారి మ్యూజియంవాళ్ళు అడిగింది లక్షేళ్ళ తర్వాత ధ్రువాల మంచుమీద తిరగబోయే ఊహాజంతువుని. జానెడు బొచ్చు, చేటల్లాంటి పాదాలు, గాలికి మూసుకునే ముక్కుపుటాలు, అన్నీ కుదిరాయి.

"రేపే డెలివరీ అంకుల్. కళ్ళు మర్చిపోయారా?" అంది అసిస్టెంట్ మనస్విని.

"మర్చిపోలేదమ్మా. కళ్ళు తెరిచిందంటే ముందు మంచు కోసం వెతుక్కుంటుంది. ఏం చూపిస్తాం?"

కిటికీ అవతల, ఏప్రిల్‌లో పూయాల్సిన చెర్రీచెట్టు జనవరిలోనే పూసేసింది. గోవిందరాజులు సన్నకుంచె తీసుకుని, మూసిన రెప్పలు దిద్దాడు.

ఇప్పుడు మ్యూజియంలో పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి, అది నిద్రలేస్తుందని ఎదురుచూస్తుంటారట. ఎక్కడ లేస్తుందోనని ఆయన మాత్రం ఇంతవరకూ అటు వెళ్ళలేదు.