లింబాయత్ బోరు నీళ్లు

కరోనా రెండో ఏడు నీటి పరీక్షల పని మీద సూరత్ వెళ్లాను. అక్కడి లింబాయత్ బస్తీలో ఉంటున్న ఒక సిరిసిల్ల నేతకార్మికురాలి ఇంట్లో బోరు నీళ్లు పరీక్షించి, "సున్నం చాలా ఎక్కువమ్మా, అందుకే పప్పు ఉడకదు" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "నిరుడు కరోనా జరమొచ్చి మా ఆయన గల్లీ అవతలి నల్లా నీళ్లు అడిగిండు సారూ. గల్లీ బంద్ జేసిండ్రు. గీ నీళ్లే తాపిన. గందుకే పాయెనా?"

"కాదమ్మా. కరోనాతో పోయాడు. ఈ సున్నం మనిషిని చంపదు."

కుండల పక్కన దీపం వెలుగుతోంది. పోయినవాళ్లకు ఇక్కడ నీళ్ల దగ్గరే దీపం పెడతారని పక్కింటి గుజరాతీ ఆమె నేర్పిందట.

"రోజూ దీపం పెట్టి మాఫీ అడుగుతున్న," అంది. వత్తి ఎగదోసి, "జర మల్లొక్కపారి చెప్పు సారూ."

మళ్లీ చెప్పాను. అప్పుడు ఏడ్చింది.